భద్రాద్రి దారిలో కెమెరా తగవు

ఖమ్మంలో మా ఇంట తగవులు చాలావరకు ఉదయం కాఫీతో మొదలై మధ్యాహ్నం భోజనంతో ముగిసిపోతాయి. మొన్న సంక్రాంతి సెలవులకు ముందు మొదలైనది మాత్రం వారం రోజులు సాగింది. దానికి కారణం నేనే. ప్రయాణాలలో ఫొటోలు తీయడానికి మంచి కెమెరా ఒకటి కొందామన్నాను.

"అందరి చేతుల్లోనూ ఫోనులుండగా మళ్ళీ కెమెరా ఎందుకండీ?" అన్నది మా ఆవిడ.

ప్రశ్న చిన్నదే. జవాబు చెప్పబోయేసరికి నా దగ్గర లేదని తేలింది. ఇరవై ఏళ్ళుగా తరగతిలో ఛందస్సు చెబుతున్న నోరు ఆ పూట పెగలలేదు. దుకాణంలో అడిగితే, లెన్సుతో కలిపి నాకు నచ్చిన ప్రతి కెమెరా యాభైవేలు దాటింది. అంత సొమ్ము పెట్టాలంటే "బాగుంటుంది" అన్న ఒక్క మాట చాలదు కదా!

చివరకు మా బావమరిది మధ్యవర్తిగా దిగాడు. అతనికి అడవి పక్షులను ఫొటోలు తీసే సరదా ఉన్నది. "బావా, నా కెమెరా నాలుగు రోజులు తీసుకుపో. అక్కయ్య ఫోను ఎలాగూ ఉంటుంది. భద్రాచలం వెళ్ళిరండి. వచ్చాక రెండింటి ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూసుకోండి" అన్నాడు. తీర్పు బాగున్నదని అందరమూ ఒప్పుకున్నాము.

నాకు కెమెరా మీదికి మనసు పోవడానికి వెనుక ఇంకొక కథ ఉన్నది. అది ఇంట్లో అందరికీ తెలుసు; ఎవరూ పైకి అనరు. 2017లో నాన్నగారితో కలిసి భద్రాచలం వెళ్ళాము. గోదావరి స్నానఘట్టం మెట్లమీద అమ్మా, ఆయనా పక్కపక్కన కూర్చుని ఉండగా ఫోనుతో ఒక ఫొటో తీశాను. అమ్మ ఏదో అన్నది. ఆయన తల పక్కకు తిప్పి నవ్వుతున్నారు. ఆ బొమ్మను అచ్చు వేయించాలని ప్రతి పండుగకూ అనుకున్నాను. ఏడాది గడిచింది. ఒకరోజు ఆ ఫోను ఉన్నట్లుండి పాడయింది. బాగుచేసే కుర్రవాడు విప్పిచూసి పెదవి విరిచాడు. తరువాత మూడు నెలలకు నాన్నగారు పోయారు.

దానికి ఎదురుగా ఇంకొక బొమ్మ ఉన్నది. నాన్నగారికి ఒక ఆగ్ఫా క్లిక్ 3 కెమెరా ఉండేది. నలభైలు దాటినవారికి దాని నల్లటి పెట్టె గుర్తుండే ఉంటుంది. ఒక రీలుకు పన్నెండే బొమ్మలు. ఒక్కొక్కటీ తీసేముందు నాన్నగారు మమ్మల్ని పావుగంట ఎండలో నిలబెట్టేవారు. 1987లో భద్రాచలం వెళుతూ పాల్వంచ దగ్గర బస్సు ఆగినప్పుడు అమ్మనూ నన్నూ తీశారు. మా వెనుక థర్మల్ విద్యుత్కేంద్రం వారి పెద్ద కూలింగ్ టవర్లు వరుసగా నిలబడి ఉన్నాయి. ఆ నలుపు తెలుపు ఫొటో అమ్మ ట్రంకుపెట్టెలో నేటికీ చెక్కుచెదరలేదు.

ఈ రెండు బొమ్మలనూ తలుచుకుని నేను కట్టిన సిద్ధాంతం ఇది: ఫోను నమ్మదగినది కాదు, కెమెరా నమ్మదగినది. ఈ సిద్ధాంతం నాలుగు రోజులలో ఎన్ని ముక్కలైందో చెప్పడానికే ఈ వ్యాసం.

*

అమ్మ, మా ఆవిడ, తొమ్మిదవ తరగతి చదువుతున్న మా అమ్మాయి, నేను బయలుదేరాము. ఖమ్మం నుంచి భద్రాచలం సుమారు 120 కిలోమీటర్లు. ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం, అక్కడినుంచి పాల్వంచ, ఆ పైన గోదావరి. పత్తి చేలూ, మిరప తోటలూ వెనుకబడ్డాక టేకు చెట్లు రోడ్డు దగ్గరికి వస్తాయి.

పాల్వంచ చేరగానే అమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి వెతకసాగింది.

"ఏవిరా ఆ గుమ్మటాలు?"

అవి లేవు. పాత విద్యుత్కేంద్రానికి చెందిన ఎనిమిది కూలింగ్ టవర్లను 2024 ఆగస్టులో కూల్చివేశారు. సంగతి చెప్పాను. అమ్మ కొంతసేపు ఆ ఖాళీవైపే చూసింది. "అయితే మన పెట్టెలో ఉన్నవే మిగిలాయన్నమాట" అన్నది. మా అమ్మాయి ఆ ఖాళీ ఆకాశాన్ని ఫోనుతో ఒక ఫొటో తీసింది. ఎందుకని అడిగితే, "ఆ బొమ్మ పక్కన పెట్టడానికి" అన్నది. నా భుజాన వేలాడుతున్న కెమెరా ఇంకా సంచిలోంచి బయటికే రాలేదు. మొదటి పందెం ఫోనుదే.

పాల్వంచ నుంచి పక్కకు తిరిగితే కిన్నెరసాని జలాశయం. తెలుగు మాస్టారు కిన్నెరసాని ఒడ్డున నిలబడి విశ్వనాథ వారిని తలుచుకోకుండా ఉండలేడు. కోడలు వాగై పారిపోవడం, భర్త కొండగా నిలిచిపోవడం—ఆ కిన్నెరసాని పాటల కథ మా అమ్మాయికి చెప్పడం మొదలుపెట్టాను. సగంలో ఉండగానే అది నా చెయ్యి పట్టి లాగింది.

"నాన్నా! అటు గట్టుమీద ఏదో ఉన్నది."

అవతలి గట్టు చాలా దూరం. మా ఆవిడ ఫోను ఎత్తి రెండు వేళ్ళతో తెరను సాగదీసి ఫొటో తీసింది. అందరమూ చూశాము. బురదమీద ఒక దుంగ పడి ఉన్నది. "దుంగే" అన్నది మా ఆవిడ. నేను కెమెరాకు పొడుగుపాటి లెన్సు బిగించాను. బిగించడానికి పట్టిన వ్యవధిలో నిజంగా మొసలి అయితే నలుగురినీ తిని ఉండేది. ఏమైతేనేం, చివరకు మీట నొక్కాను. వెనుక ఉన్న చిన్న తెరమీద చూసుకుంటే దుంగకు పళ్ళు ఉన్నాయి! సగం మూసిన కన్నూ, వీపుమీది గరుకు వరుసలూ స్పష్టంగా కనబడుతున్నాయి. కిన్నెరసానిలో మొసళ్ళున్నాయని వినడమే గాని, ఇంట్లో ఎవరమూ అంతకుముందు చూడలేదు. అమ్మ నాలుగడుగులు వెనక్కు వేసింది.

ఆ రాత్రి బావమరిదికి ఫోను చేసి ఇందులోని మర్మం అడిగాను. అతను చెప్పినది నాకు అర్థమైనంతలో రాస్తున్నాను. కెమెరాలో కాంతిని పట్టుకునే పలక ఒకటి ఉంటుంది. అతని కెమెరాలో అది సుమారు 23 మిల్లీమీటర్ల పొడవు, 15 మిల్లీమీటర్ల వెడల్పు. చాలా ఫోనులలో 10 మిల్లీమీటర్ల పొడవు, 7 మిల్లీమీటర్ల వెడల్పు మించదు. వాన కురిసేటప్పుడు వాకిట్లో గంగాళం పెట్టినా, చెంబు పెట్టినా పడేది ఆ నీరే. కాని పది నిమిషాలలో గంగాళంలో చేరినంత చెంబులో చేరదు. ఇక దూరపు వస్తువు సంగతి. కెమెరా లెన్సు దూరపు వస్తువును నిజంగానే దగ్గరికి తెస్తుంది. ఫోనులలోనూ అటువంటి లెన్సులు కొన్ని ఉన్నాయి గాని వాటికి హద్దు ఉన్నది. ఆ హద్దు దాటి తెరను సాగదీయడమంటే మజ్జిగలో నీళ్ళు పోయడమే. గ్లాసు నిండుతుంది, మజ్జిగ పెరగదు.

కాబట్టి జింకలూ, పక్షులూ, మొసళ్ళూ ఇష్టమైనవారికి ఫోను చాలదు. ఇది నిస్సంకోచంగా చెప్పవచ్చు. నా మొగమాటమంతా తీరిపోయి, ఆ పూట విజయగర్వంతో భద్రాచలం చేరాను.

*

1965 నాటి పాత వంతెన, దాని పక్కనే కొత్తగా కట్టిన రెండవ వంతెన దాటి ఊళ్ళోకి ప్రవేశించేసరికి చీకటి పడింది. స్నానఘట్టం మెట్లమీద దీపాలు వెలిగించారు. నీళ్ళమీద సన్నగా మంచు. ఎవరో ఇద్దరు ముసలివాళ్ళు దొన్నెలో దీపం పెట్టి గోదావరిలోకి వదులుతున్నారు. ఇటువంటి దృశ్యానికే కదా కెమెరా అని ఉత్సాహపడి పాతిక ఫొటోలు తీశాను. గదికి వచ్చి చూస్తే పాతికా చెరిగిపోయి ఉన్నాయి. దీపాలు తోకచుక్కల్లా సాగిపోయాయి.

మా ఆవిడ అదే చోట ఫోనుతో మూడు తీసింది. మూడూ ముచ్చటగా ఉన్నాయి. దీపం దీపంలాగా, నీరు నీరులాగా ఉన్నది.

గంగాళం ఓడి చెంబు ఎలా గెలిచిందని మళ్ళీ బావమరిదినే అడిగాను. ఫోను ఒక్క ఫొటో తీసినట్లు కనబడుతుంది గాని, చీకట్లో అది గబగబా ఎన్నో తీసి, చెయ్యి కదిలిన తేడాలు సరిచేసి, అన్నిటినీ ఒకటిగా కలిపి చూపుతుందట. అంటే చెంబును పదిసార్లు నింపి గంగాళంలో పోయడమన్నమాట. "కెమెరాతో అంత పని నువ్వే చెయ్యాలి బావా. మూడుకాళ్ళ స్టాండు తీసుకువెళ్ళమన్నాను కదా!" అన్నాడు. అన్నాడు నిజమే. బరువని నేనే ఇంట్లో వదిలివచ్చాను. కెమెరా, రెండు లెన్సులు, సంచీ కలిపి అప్పటికే రెండు కిలోలు తూగుతున్నాయి.

అందుకే కాబోలు లోకం ఫోనువైపు మొగ్గింది. జపాను కెమెరా తయారీదారుల సంఘం లెక్కలలో 2010లో అమ్మకానికి పంపిన డిజిటల్ కెమెరాలు 12 కోట్లకు పైమాట. 2023లో అవి 80 లక్షల లోపు. జేబులో పట్టే చిన్న కెమెరా పనిని దాదాపుగా ఫోనే మింగేసింది. గోదావరినే చూడండి. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీరు 75.6 అడుగులకు చేరింది. ఆనాటి వరదను చూసినవారి నోట వినడమే గాని, మా బంధువుల ఇళ్ళలో ఒక్క ఫొటో లేదు. 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చినప్పుడు ప్రతి మేడమీదినుంచీ ఎవరో ఒకరు ఫోను ఎత్తి నిలబడ్డారు. మెడలో కెమెరా వేసుకుని ఎవరూ వరదకోసం ఎదురుచూడరు.

మర్నాడు ఉదయం స్వామి దర్శనం. గుడిలోపల ఫొటోలు తీయకూడదు; ఫోనులూ కెమెరా బయట అప్పగించి వెళ్ళాము. మా తగవుకు ఆ రెండు గంటలూ విరామం. నేలకొండపల్లి నుంచి వచ్చిన కంచెర్ల గోపన్న తహసీలుదారుగా ఈ గుడి కట్టించి, గోలకొండ చెరసాల పాలై రామదాసుగా మిగిలిపోయిన కథ మీకు తెలియనిది కాదు. చేతులు ఖాళీగా ఉండటం వల్లనేమో, ఆ ఉదయం నేను మూలవిరాట్టును చూసినంత శ్రద్ధగా ఎన్నడూ చూడలేదు.

బయటికి వచ్చాక ఒక చిత్రం జరిగింది. దుకాణంలో స్వామివారి పటాన్ని చూసి మా అమ్మాయి, "నాన్నా, ఈ ఫొటో తిరగబడింది. సెల్ఫీ కెమెరాలో కుడి ఎడమైనట్లు శంఖచక్రాలు తారుమారయ్యాయి" అన్నది. దుకాణదారు పకపకా నవ్వాడు. తిరగబడింది ఫొటో కాదు. భద్రాద్రి రాముడికి శంఖం కుడిచేతిలో, చక్రం ఎడమచేతిలో ఉంటాయి. భద్రుని తపస్సుకు మెచ్చి తొందరగా దిగివచ్చిన స్వామి చేతులు మార్చుకున్నాడని పెద్దలు చెబుతారు. ఇంతసేపూ లోపల నిలబడి చూసినా మా అమ్మాయి కంటికి ఆనలేదు. పటంలో చూశాక ఆనింది. ఫొటోకు ఈ ప్రయోజనం కూడా ఉన్నదని ఒప్పుకోవలసిందే.

*

మూడవనాడు పర్ణశాల. భద్రాచలానికి 35 కిలోమీటర్లు. ఊరు దాటగానే ఏటపాక వస్తుంది. 2014 నుంచి అది ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నది. మళ్ళీ దుమ్ముగూడెం తెలంగాణ. మా అమ్మాయి దారిపొడుగునా తీసిన ఫొటోలకు ఫోను తనంతట తానే ఒకచోట ఈ రాష్ట్రం పేరు, ఒకచోట ఆ రాష్ట్రం పేరు తగిలించింది. చెట్లకు మాత్రం ఆ తేడా తెలిసినట్లు లేదు.

ఈ దారిలో రెండు జాగ్రత్తలు చెప్పాలి. అడవిలోకి వెళ్ళినకొద్దీ ఫోనుకు సంకేతాలు అందవు. ఫొటోలు ఎక్కడో భద్రంగా దాచబడుతున్నాయని మనం అనుకుంటాము. సంకేతం లేనిచోట అవి ఫోనులోనే ఉండిపోతాయి. రెండవది, ఇది ఛత్తీస్‌గఢ్ సరిహద్దుకు దగ్గర ప్రాంతం. పోలీసు శిబిరాలూ, ప్రాజెక్టులూ కనబడినచోట అడగకుండా ఏ కెమెరానూ ఎత్తకపోవడం మర్యాద, క్షేమం కూడా.

సీతవాగు దగ్గర, అమ్మవారు నారచీరలు ఆరవేసిందని చెప్పే రాళ్ళు చూసి వస్తుండగా అమ్మ అలసిపోయి ఒక చెట్టుకింద కూర్చున్నది. అక్కడే ఒక ముసలి కోయ అవ్వ వెదురుబుట్టలు, కొండచీపుళ్ళు పెట్టుకుని అమ్ముతున్నది. నేను కెమెరా ఎత్తగానే ఆమె ముఖం బిగిసిపోయింది. కొంగు సర్దుకుని, చేతులు మోకాళ్ళమీద పెట్టి, బడిలో పిల్లలాగా నిటారుగా కూర్చున్నది. నాకు సిగ్గువేసి కెమెరా సంచిలో పెట్టేశాను.

కొంతసేపటికి అమ్మా, ఆమే మాటల్లో పడ్డారు. ఇద్దరికీ మోకాళ్ళ నొప్పులే. ఏ ఆకు కట్టాలో అవ్వ చెబుతున్నది. అమ్మ తలూపుతూ వింటున్నది. ఏమన్నదో గాని ఇద్దరూ ఒక్కసారి ఫక్కున నవ్వారు. మా ఆవిడ ఆ క్షణంలో ఫోనుతో తీసింది. తీసినట్లు వాళ్ళిద్దరికీ తెలియదు. తెలిసిన తరువాత అవ్వకు చూపించింది.

అవ్వ ఆ తెరను చాలాసేపు చూసింది.

"ఇస్తారా అమ్మా?" అన్నది.

మా ఆవిడ ఏం చెప్పాలో తెలియక నావైపు చూసింది.

"నిరుడు మా ముసలాయనను గూడా ఎవరో ఇట్లనే తీసిండ్రు. ఇట్లనే అద్దంలో చూపిచ్చి పోయిండ్రు. మొన్న చలికాలంలో ఆయన పోయిండు. ఆ బొమ్మ వాళ్ళకాడనే ఉన్నది."

ఆమె కోపంగా అనలేదు. బుట్టలు సర్దుకుంటూ అన్నది. అమ్మ తల పక్కకు తిప్పుకున్నది. మేమెవరమూ కొంతసేపు మాట్లాడలేదు.

ఈ కొండలకు ఫొటోలు కొత్తకాదు. ఆస్ట్రియా దేశస్థుడైన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్, రెండవ ప్రపంచయుద్ధం రోజులలో హైదరాబాదు సంస్థానంలో ఉండిపోయి, గోదావరి కొండలలోని కొండరెడ్ల మధ్య నివసించి 1945లో వారిమీద ఒక పుస్తకం ప్రచురించాడు. అతను తీసిన వేలాది ఫొటోలు నేడు లండను విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. అవి లేకపోతే ఆనాటి జీవితం మనకు కళ్ళారా తెలిసేది కాదు. అతనికి మనం రుణపడి ఉన్నాము. అయినా ఆ బొమ్మలలోని మనుషుల మనుమలు ఎందరు తమ తాతముఖం చూసుకుని ఉంటారా అని ఆ చెట్టుకింద కూర్చున్నప్పుడు నాకు తోచింది. ఆనాడు అతనిదొక్కటే కెమెరా. ఈనాడు వచ్చిన ప్రతి యాత్రికుడి జేబులోనూ ఒకటి ఉన్నది.

ఆ సాయంత్రం భద్రాచలంలో ఒక స్టూడియో వెతికి పట్టుకున్నాము. మా ఆవిడ ఆ ఫొటోను తన ఫోనునుంచి స్టూడియో కుర్రవాడికి వాట్సాప్‌లో మామూలుగా పంపబోతే అతనే వద్దన్నాడు. అలా పంపితే బొమ్మ కుంచించుకుపోతుందట. తీగ తగిలించి అసలు ఫొటోనే తీసుకున్నాడు. నాలుగు ప్రతులు వేశాడు. ఫోనుతో తీసినదని నమ్మలేనంత బాగా వచ్చింది, ముడతలన్నీ లెక్కపెట్టవచ్చు.

నాలుగవనాడు ఖమ్మం తిరిగిపోవాలి. పర్ణశాల వెనక్కి ముప్పైఅయిదు కిలోమీటర్లు. ఎవరూ చర్చించలేదు. పొద్దున్నే కారు అటే తిరిగింది.

అవ్వ అదే చెట్టుకింద ఉన్నది. రెండు ప్రతులు చేతికిచ్చాము. తనను తాను చూసుకుని, అమ్మను చూసి, ఒకదానిని కొంగున కట్టుకున్నది. రెండవదానిని బుట్టల వరుసకు ముందు, వచ్చేపోయేవాళ్ళకు కనబడేటట్లు నిలబెట్టింది. మేము వద్దంటున్నా ఒక బుట్ట కారులో పెట్టింది.

*

ఇంటికి వచ్చాక ఒప్పందం ప్రకారం రెండింటి ఫొటోలూ పక్కపక్కన పెట్టుకున్నాము. కెమెరాతో తీసినవి 412, ఫోనులతో తీసినవి 655. ఆల్బంలో పెట్టవలసినవి పాతిక ఏరుకుందామని కూర్చున్నాము. పద్దెనిమిది ఫోనువి వచ్చాయి, ఏడు కెమెరావి. ఆ ఏడింటిలో మొసలి ఉన్నది, చెరువుమీది కొంగలున్నాయి, చుక్కల దుప్పి ఒకటి ఉన్నది. మనుషులున్నవి ఒక్కటీ లేదు. నేను కెమెరా బిగించేలోగా మనుషులు లేచిపోయారు, లేకపోతే బిగిసిపోయారు.

మాబోటి సంసారులకు ఫోను చాలునని ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను. ఏటా అడవులకు వెళ్ళేవారూ, పక్షులవెంట పడేవారూ, ఓపికగా నేర్చుకోగలిగినవారూ కెమెరా కొనుక్కోవలసిందే. వారికి ఆ సొమ్ము దండుగ కాదు. ఒకటి రెండు ప్రయాణాలకైతే మా బావమరిది వంటివాడు బంధువులలో ఉంటే చాలు.

నా పాత సిద్ధాంతం మాత్రం పూర్తిగా కూలిపోయింది. క్లిక్ 3 బొమ్మ నిలిచింది అది కెమెరా కాబట్టి కాదు. ఆ రోజులలో కాగితంమీదికి ఎక్కించనిదే బొమ్మ కంటికి కనబడేది కాదు కాబట్టి నాన్నగారు ఎక్కించారు. నేను ఏడాదిపాటు ఫోనులో చూసుకుని మురిసి, అదే చాలనుకున్నాను. తప్పు ఫోనుది కాదు. ఎనిమిదేళ్ళుగా దానిమీదికి నెట్టి కూర్చున్నాను, అంతే.

కెమెరాకు దాచిన యాభైవేలలో రెండు వేలు ఖర్చుపెట్టి, ఏరిన పాతికా అచ్చు వేయించాము. మొత్తం ఫొటోలకు మరొక ప్రతి తీసి వేరే డిస్కులో దాచాము. ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుంది. మిగిలిన సొమ్ము బ్యాంకులోనే ఉన్నది. అవ్వతో కలిసి నవ్వుతున్న బొమ్మను అమ్మ ట్రంకుపెట్టెలో, పాల్వంచ గుమ్మటాల పక్కన పెట్టుకున్నది. మెట్లమీది బొమ్మకు చోటు ఎప్పటికీ ఖాళీయే.

ఆదివారం బావమరిది కెమెరాకోసం వచ్చాడు. కాఫీ తాగుతూ, "ఇంతకూ ఎవరు గెలిచారు బావా?" అని అడిగాడు.

"స్టూడియోవాడు" అన్నాను.